దవడ కీలు నొప్పి: నైట్ గార్డా, వ్యాయామాలా, ఇంజెక్షనా, ఆపరేషనా?

నాకు అది మొదట చెవిపోటులాగే వచ్చింది. కుడి చెవి ముందు సలుపు. పొద్దున లేచేసరికి చెంప బిగుసుకుపోయి ఉండేది. ఆవలిస్తే టక్‌మని శబ్దం. చెవి డాక్టరు లైటు వేసి చూసి లోపల ఏమీ లేదన్నారు. పళ్ల డాక్టరు ఒకరు జ్ఞానదంతం మీద అనుమానపడి దాన్ని తీసేశారు. పన్ను పోయింది, నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. నాలుగు నెలలు గడిచాక ఇంకో డాక్టరమ్మ నా కణతలూ చెంపలూ వేలితో నొక్కుకుంటూ వచ్చి, కుడి చెంప మధ్యలో ఒకచోట ఆగారు. కుర్చీలోంచి లేచినంత పని చేశాను. "చెవిలో వచ్చే నొప్పి ఇదేనా?" అన్నారు. అదే. నొక్కింది చెంప మీద, పోటు వచ్చింది చెవిలో! పరీక్ష మొత్తానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ పన్ను ఇక రాదు. అప్పటినుంచి ఈ నొప్పికి ఎవరు ఏ వైద్యం చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: ఇది పనిచేయకపోతే ఇవాళ ఉన్నచోటికి తిరిగి రాగలనా? దవడ కీలు వైద్యాలను తూచడానికి ఇంతకన్నా మంచి తక్కెడ నాకు దొరకలేదు. ఈ వ్యాసంలో అన్నిటినీ దాంతోనే తూచాను.

అసలు నొప్పి ఎక్కడ

రెండు చూపుడువేళ్లూ చెవుల ముందు, చెవి రంధ్రానికి వేలెడు దూరంలో ఆనించి మెల్లగా నోరు తెరవండి. మొదట వేలి కింద గుండ్రటిదేదో ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే ఆ గుండు ముందుకు జారిపోయి, వేలి కింద చిన్న గుంట పడుతుంది. అదే దవడ కీలు. తలుపు బందులా తిరగడం, సొరుగులా జారడం, రెండు పనులూ ఈ ఒక్క కీలే చేస్తుంది. పైగా కుడిదీ ఎడమదీ ఒకే ఎముకకు రెండు చివరలు కాబట్టి ఒకటి మొరాయిస్తే రెండోది కూడా తన దారిలో తాను నడవలేదు.

ఆ గుండుకూ, పైన పుర్రెలో ఉన్న గుంటకూ మధ్య ఒక పలచటి డిస్కు ఉంటుంది. మధ్యలో సన్నగా, అంచుల్లో మందంగా ఉండే గట్టి పీచులాంటి పదార్థం అది. వీటన్నిటినీ నడిపేవి కండరాలు. చెంపలో ఒకటి, కణత మీద విసనకర్రలా పరుచుకున్నది ఒకటి, దవడ లోపలి వైపు రెండు. కీలుకూ చెవి ముందు భాగానికీ స్పర్శ మోసేది ఒకే నరం కొమ్మ. కీలు నొప్పి చెవిపోటు వేషం వేసుకుని రావడానికి అదే కారణం.

కాబట్టి దవడ కీలు నొప్పి అని అందరూ ఒకే పేరుతో పిలిచేది నిజానికి మూడు రకాలు. ఏ రకమో తేల్చుకోకుండా వైద్యం ఎంచుకుంటే నాకు పన్ను పోయినట్టే అవుతుంది.

మొదటిది కండరాల నొప్పి. ఎక్కువ మందికి ఉండేది ఇదే. రాత్రి పళ్లు కొరకడం, పగలు పనిలో పడి తెలియకుండానే పళ్లు బిగబట్టడం, సరిగా నిద్ర లేకపోవడం, టెన్షన్ దీన్ని పెంచుతాయి. చెంప, కణత నొక్కితే నొప్పి తెలుస్తుంది. తలనొప్పి కూడా తోడొస్తుంది.

రెండోది డిస్కు జారడం. డిస్కు ముందుకు జారి ఉండి, నోరు తెరిచినప్పుడు మళ్లీ గుండు మీదికి ఎక్కుతుంటే టక్‌మంటుంది. ఎక్కడం మానేస్తే శబ్దం ఆగిపోతుంది, దాంతోపాటు నోరు కూడా సగంలో ఆగిపోతుంది. "నిన్నటిదాకా టక్ టక్ అనేది, ఇవాళ శబ్దం లేదు, నోరు రెండు వేళ్లే తెరుచుకుంటోంది" అని ఎవరైనా అంటే ఇదే అని అనుమానించాలి. దీన్ని నోరు లాక్ అవడం అంటారు.

మూడోది కీలు ఎముక అరగడం లేదా వాపు. నోరు కదిపితే ఇసుక నలిగినట్టు కరకర శబ్దం వస్తుంది. వయసుతో వచ్చే అరుగుదల కావచ్చు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి జబ్బు కావచ్చు.

ఇంట్లోనే చేసుకోగల కొలత ఒకటుంది. మీ చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు ఒకదానిమీద ఒకటి నిలువుగా పెట్టి, పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య పడతాయేమో చూడండి. మూడూ పడితే మంచిదే. పెద్దవాళ్లలో నోరు మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. 35కు లోపే ఆగిపోతుంటే డాక్టరుకు చూపించాలి. అద్దం ముందు తెరిస్తే దవడ ఒక పక్కకు ఒరుగుతోందా అన్నదీ తెలుస్తుంది. లాక్ అయిన కీలు ఏ వైపు ఉంటే దవడ ఆ వైపుకే లాగుతుంది.

నొప్పి లేకుండా ఒట్టి శబ్దం మాత్రమే ఉంటే? ఏమీ చేయనక్కర్లేదు. నిజంగా ఏమీ అక్కర్లేదు. ఏ నొప్పీ లేని వాళ్లకు ఎంఆర్ఐ తీసినా దాదాపు మూడో వంతు మందిలో డిస్కు జారి కనిపిస్తుంది. వాళ్లంతా హాయిగానే నములుతున్నారు. స్కాన్‌లో కనిపించినదల్లా జబ్బు అనుకుంటే వైద్యం అక్కడే దారి తప్పుతుంది.

ఇది దవడ కీలు కాదేమో అని అనుమానించాల్సిన చోట్లు

ఎంపికల జోలికి పోయే ముందు ఇది చదవండి. దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, చెయ్యి లాగడం ఉంటే అది గుండెపోటు కావచ్చు. ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే దవడ నొప్పిని కూడా గుండె వైపు నుంచే చూడాలి.

50 ఏళ్లు దాటిన వాళ్లకు కొత్తగా కణతల్లో తలనొప్పి వచ్చి, దువ్వెన తగిలితే తల మీద నొప్పి పుడుతుంటే, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలిసిపోయి నొప్పెడుతుంటే, చూపు మసకబారుతుంటే అది కణత రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోతుంది. అదే రోజు చూపించుకోవాల్సిన జబ్బు అది.

జ్వరం, వాపుతో నోరు తెరుచుకోకపోతే పంటి చీము అనుకోవాలి. దెబ్బ తగిలాక పళ్లు కలిసే తీరు మారితే దవడ విరిగిందేమో చూడాలి. ముఖంలో తిమ్మిరి, తగ్గని గడ్డ, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే స్కాన్ వెంటనే కావాలి. కరెంటు షాక్‌లా క్షణంపాటు కొట్టి మాయమయ్యే నొప్పి చాలావరకు నరానిది. దానికి మందులు వేరే. నోరు తెరుచుకుని మూసుకోకుండా ఉండిపోతే కీలు జారిందన్నమాట. ఇంట్లో బలవంతంగా నెట్టకుండా ఆసుపత్రికి పోవాలి. అక్కడ దవడను కిందికి నొక్కి వెనక్కి జారుస్తారు.

ఖర్చు లేనిది, ఎవరూ సీరియస్‌గా తీసుకోనిది

"పెదాలు కలిసి, పళ్లు విడి, నాలుక పైన." డాక్టరమ్మ నాకు చెప్పిన మొదటి వైద్యం ఇది. నవ్వొచ్చింది. ఇంతదూరం వచ్చింది దీనికోసమా అనుకున్నాను.

కానీ ఆలోచిస్తే లెక్క సరిపోతుంది. నమలడం, మింగడం తప్ప మిగతా సమయమంతా పై పళ్లూ కింది పళ్లూ తాకకుండా ఉండాలి. రోజు మొత్తం మీద అవి తాకాల్సింది కొన్ని నిమిషాలే. ఇప్పుడు ఇది చదువుతూ మీ పళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. నేను కంప్యూటరు అంచున ఒక పసుపు చుక్క అంటించి, అది కంటపడినప్పుడల్లా చూసుకునేవాణ్ని. మొదటి రోజు చూసిన ప్రతిసారీ పళ్లు బిగిసే ఉన్నాయి. మెయిల్ టైప్ చేస్తున్నా, ఫోన్ వింటున్నా అంతే. పట్టుకున్నప్పుడల్లా నాలుక కొనను ముందు పళ్ల వెనక అంగిలికి ఆనించి, దవడను వేలాడనివ్వాలి. మూడు వారాలకు చుక్క అవసరం తగ్గింది.

దీంతోపాటు చేయాల్సినవి: కొన్ని వారాలు మెత్తటివే తినడం, చిన్న ముక్కలుగా తినడం, చూయింగ్ గమ్ మానేయడం, ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు ఎక్కువ తెరుచుకోకుండా చూసుకోవడం. బోర్లా పడుకుని, దవడ కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయే అలవాటు మానడం. కండరాల నొప్పికి వేడి కాపడం 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. కొత్తగా వచ్చిన పోటు, వాపు ఉంటే గుడ్డలో చుట్టిన ఐస్ 10 నిమిషాలు. వేడా చల్లనా అన్న సందేహం వస్తే ఏది హాయిగా ఉంటే అది. ఇందులో పెద్ద శాస్త్రం లేదు.

తక్కెడలో పెడితే: తిరిగి రాలేని నష్టం సున్నా. చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో నొప్పి దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి ఈ పద్ధతికి కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు ఇవ్వాలి. లోపం ఒక్కటే, దీన్ని చేయాల్సింది మీరు.

ఫిజియోథెరపీ, వ్యాయామాలు

2023 డిసెంబరులో బీఎంజే అనే వైద్య పత్రికలో మూడు నెలలు దాటిన దవడ కీలు నొప్పి మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. అందులో గట్టిగా సిఫారసు చేసిన వాటిలో ఎక్కువ భాగం చేతులతో, కదలికలతో చేసేవే. థెరపిస్టు చేతులతో కీలును కదపడం, కండరంలో ముడిపడ్డ చోట్లను నొక్కి వదులుచేయడం, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, మెడ, భుజాల భంగిమ సరిచేసే వ్యాయామాలు అందులో ఉన్నాయి. ఇంట్లో చేసుకునే వ్యాయామాలు, జబ్బేమిటో అర్థమయ్యేలా చెప్పడం, ధైర్యం చెప్పడం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి.

ఇంట్లో చేసుకోవడమా, థెరపిస్టు దగ్గరికి పోవడమా? నొప్పి కొత్తదైతే, నోరు మూడు వేళ్లు తెరుచుకుంటుంటే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. నాలుకను అంగిలికి ఆనించి ఉంచి, అది ఊడిపోకుండా ఉన్నంతవరకే నోరు తెరిచి మూయాలి. ఒక దఫాకు ఆరుసార్లు, రోజుకు ఆరు దఫాలు. వినడానికి తేలిక, అద్దం ముందు చేస్తే తెలుస్తుంది. నా దవడ మొదట్లో పాములా వంకర తిరిగేది. నిటారుగా దిగడానికి రెండు వారాలు పట్టింది. చేస్తున్నప్పుడు పట్టేసినట్టు లాగితే ఫరవాలేదు, పోటు పుడితే ఆపాలి.

నోరు తెరుచుకోవడం తగ్గినా, ఆరు వారాలు ఇంట్లో చేసి ఫలితం లేకపోయినా, మెడ నొప్పి కూడా ఉన్నా థెరపిస్టు మేలు. అయితే దవడ చేసే థెరపిస్టేనా అని అడిగి వెళ్లండి. మోకాళ్లు, నడుములు చూసే అందరికీ నోటి లోపల గ్లవ్ వేసుకుని కండరం వదులుచేయడం తెలిసి ఉండదు. ప్రతిసారీ ఏదో మెషిన్ కింద పడుకోబెట్టి పంపిస్తుంటే మీకు కావలసింది అందడం లేదని అర్థం. అదే మార్గదర్శకాలు లేజర్, కరెంటు ప్యాడ్ల చికిత్సలను వద్దనే వైపుకే పెట్టాయి.

మనసు వైపు నుంచి వైద్యం

సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమంటే చాలామందికి కోపం వస్తుంది. "నా నొప్పి అబద్ధమా?" అని. అబద్ధమని ఎవరూ అనడం లేదు. నెలల తరబడి నొప్పి ఉంటే నాడీవ్యవస్థ చిన్న తాకిడికి కూడా పెద్దగా అరవడం నేర్చుకుంటుంది. నొప్పి భయం కండరాన్ని బిగిస్తుంది, బిగిసిన కండరం మళ్లీ నొప్పి పుట్టిస్తుంది. ఈ గొలుసును తెంపడానికి వాడేదే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మాటలతో మార్చే చికిత్స. పైన చెప్పిన మార్గదర్శకాల్లో ఇది కూడా గట్టి సిఫారసే. నొప్పి పాతదై, నిద్ర చెడి, రోజంతా దాని ధ్యాసే అయినవాళ్లకు నేనైతే నైట్ గార్డుకన్నా ముందు దీన్నే చెబుతాను.

నైట్ గార్డు: ఇక్కడే ఎక్కువ తికమక

పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే ఎక్కువగా వినిపించేది ఇదే. ప్లాస్టిక్‌తో చేసిన తొడుగు, రాత్రి పళ్లకు పెట్టుకునేది. స్ప్లింట్ అని కూడా అంటారు. దీని గురించి రెండు నిజాలు పక్కపక్కనే ఉన్నాయి. పళ్లు అరిగిపోకుండా, చిట్లకుండా ఇది బాగా కాపాడుతుంది. నొప్పి తగ్గించడంలో మాత్రం ఆధారాలు బలహీనం. పాతబడిన నొప్పికి దీన్ని మామూలుగా వాడొద్దనే బీఎంజే మార్గదర్శకాలు షరతులతో చెప్పాయి. షరతులతో అంటే కొందరికి వాడటం సబబే కావచ్చు, డాక్టరు, పేషెంటు కలిసి ఆలోచించుకోవాలి అని. ఇంకో సంగతి: గార్డు పెట్టుకుంటే పళ్లు కొరకడం ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. పళ్లకు బదులు ప్లాస్టిక్ అరుగుతుంది, అంతే.

వాటిలో వాటికే చాలా తేడా ఉంది. ఒక వరుసలోని పళ్లన్నిటినీ కప్పుతూ, కొలత తీసుకుని గట్టి ఆక్రిలిక్‌తో చేసి, డాక్టరు రెండు మూడుసార్లు సానపట్టి సరిచేసే రకం అన్నిటికన్నా భద్రం. వేడినీళ్లలో ముంచి కొరికి అచ్చు తీసుకునే మెత్తటి రకం తాత్కాలికంగా పనికొస్తుంది. కానీ మెత్తగా ఉందని కొందరు దాన్ని ఇంకా గట్టిగా నములుతారు. ముందు పళ్లకు మాత్రమే పెట్టే చిన్న రకం విషయంలో జాగ్రత్త. వెనక పళ్లకు ఆనిక లేక అవి పైకి పెరిగి, ముందు పళ్లు లోపలికి దిగి, నెలలు గడిచేసరికి పళ్లు కలిసే తీరు మారిపోవచ్చు. దవడను ముందుకు లాగి పెట్టే రకాన్ని రాత్రింబగళ్లు నెలల తరబడి వాడినా అదే ప్రమాదం. ఇవి చూడటానికి తీసి పక్కన పెట్టగలిగేవే, ఫలితం మాత్రం తీసి పక్కన పెట్టలేం. నా తక్కెడలో ఈ రెండు రకాలూ ఆపరేషన్ పళ్లెంలోకి దగ్గరగా వెళతాయి.

ఎవరికి పనికొస్తుంది? పొద్దున లేవగానే నొప్పి ఎక్కువై, మధ్యాహ్నానికి తగ్గేవాళ్లకు. పళ్లు అరిగినట్టు డాక్టరుకు కనిపిస్తున్న వాళ్లకు. పగలంతా పని ఒత్తిడిలో పళ్లు బిగబట్టి సాయంత్రానికి నొప్పి తెచ్చుకునే వాళ్లకు రాత్రి గార్డు పెద్దగా చేసేదేమీ లేదు, పసుపు చుక్క మేలు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే గార్డుకు ముందే ఆ మాట చెప్పాలి. వాడుతున్నప్పుడు పొద్దున పళ్లు సరిగా కలవడం లేదనిపించి, అది గంటలోపు సర్దుకోకపోతే ఆపి డాక్టరుకు చూపించాలి.

నేను గట్టి రకమే చేయించుకున్నాను. నొప్పి దానివల్ల తగ్గిందా, వ్యాయామాలవల్ల తగ్గిందా అంటే చెప్పలేను, రెండూ ఒకేసారి మొదలుపెట్టడం నా తప్పు. ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెడితేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

మాత్రలు

ఇబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటివి కీలు లోపల వాపు ఉన్నప్పుడు వారం, రెండు వారాలకు సాయపడతాయి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. కండరాలు వదులుచేసే మాత్రలు రాత్రిపూట కొద్దిరోజులకు సరే, పగలు మత్తు. పాత నొప్పికి తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాత్రిళ్లు ఇస్తుంటారు. అది డిప్రెషన్ మందు కదా అని కంగారుపడొద్దు, ఆ మోతాదులో ఇచ్చేది నొప్పికే. నోరు ఎండటం, పొద్దున మగతగా ఉండటం దాని ఇబ్బందులు. నల్లమందు జాతి నొప్పి మాత్రలకు ఈ జబ్బులో చోటు లేదు.

ఒక మాట. డిప్రెషన్, ఆందోళనకు వాడే కొన్ని మందుల వల్లే కొందరికి పళ్లు బిగబట్టడం మొదలవుతుంది. కొత్త మందు మొదలుపెట్టాకే దవడ నొప్పి వచ్చిందనిపిస్తే, సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టరుకు చెప్పండి.

సూదులు

చెంప కండరంలో బొటాక్స్ వేస్తే కొన్ని రోజుల్లో కండరం బలహీనపడి, మూడు నాలుగు నెలల్లో మళ్లీ మామూలవుతుంది. పనితీరు తాత్కాలికం కాబట్టి భద్రమేననిపిస్తుంది. పదేపదే వేస్తే కండరం సన్నబడటం, నమిలే బలం తగ్గడం, నవ్వు వంకర అవడం ఉంటాయి. పని లేక దవడ ఎముక పలచబడుతుందేమోనన్న అనుమానమూ ఉంది. పాత నొప్పికి ఆధారాలు బలంగా లేవు. మిగతావన్నీ నిజంగా చేసి చూసి, చెంప కండరం బాగా లావెక్కి, పట్టు వదలనివాళ్లు ఆలోచించవచ్చు. మొదటి ఎంపికగా ఎవరైనా చెబితే ఇంకో డాక్టరును అడగండి.

కీలు లోపలికి స్టెరాయిడ్ వేస్తే వాపు త్వరగా తగ్గుతుంది. పదేపదే వేస్తే కీలు పూత దెబ్బతింటుంది.

కీలు కడగడం వేరే కథ. రెండు సన్నటి సూదులు గుచ్చి ఒకదాంట్లోంచి సెలైన్‌లాంటి ద్రవం పంపితే రెండో దాంట్లోంచి బయటికి వస్తుంది. లోపలి వాపు పదార్థాలు కొట్టుకుపోయి, అతుక్కున్నవి వదులవుతాయి. నోరు లాక్ అయిన వాళ్లకు ఈ పద్ధతి 1991లో ప్రచురితమైంది. ఒట్టి పాత నొప్పికి దీన్ని ఎంచుకోమని బీఎంజే మార్గదర్శకాలు చెప్పవు. కానీ హఠాత్తుగా లాక్ అయి, కొన్ని వారాల వ్యాయామం, చేతులతో కదిపే చికిత్స తర్వాత కూడా నోరు తెరుచుకోకపోతే ఆపరేషన్‌కు ముందు మెట్టుగా ఇది అర్థవంతమే. కడిగిన రోజు నుంచే వ్యాయామాలు చేయకపోతే మళ్లీ బిగుస్తుంది.

తిరిగి రాలేని దారులు

1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికన్ చెవి ముక్కు గొంతు డాక్టరు, వెనక పళ్లు పోయి దవడ కుంగి కీలు మీద ఒత్తిడి పడటమే ఈ బాధలన్నిటికీ మూలమని రాశాడు. ఆ వివరణ తర్వాత నిలబడలేదు. కానీ దాని నీడ ఇంకా ఉంది. "మీ బైట్ సరిగా లేదు, పళ్లు సానపట్టి సరిచేస్తే నొప్పి పోతుంది" అనో, "అన్ని పళ్లకూ క్రౌన్లు వేద్దాం" అనో, "క్లిప్పులు వేస్తే కీలు కుదుటపడుతుంది" అనో చెప్పేవాళ్లు దొరుకుతారు. నొప్పి తగ్గించడం కోసమే అయితే ఇవి వద్దు. సానపట్టిన ఎనామిల్ మళ్లీ పెరగదు. పళ్లు వంకరగా ఉన్నాయని క్లిప్పులు వేయించుకోవడం వేరు, దవడ నొప్పికి వేయించుకోవడం వేరు.

ఆపరేషన్‌లో మెట్లున్నాయి. సన్నటి కెమెరా గొట్టంతో లోపల చూస్తూ చేసేది ఆర్థ్రోస్కోపీ. చెవి ముందు కోసి డిస్కును సరిచేసేది ఓపెన్ సర్జరీ. ఇక్కడ నుదురు, కనుబొమ కదిపే నరం దగ్గర్లోనే ఉంటుంది. కీలు మొత్తం మార్చేది చివరిది. కీలు ఎముక అతుక్కుపోయి నోరే తెరుచుకోని వాళ్లకు, కీలు పూర్తిగా తినేసిన ఆర్థరైటిస్ వాళ్లకు, గడ్డలున్న వాళ్లకు ఆపరేషన్ నిజంగా జీవితాన్ని మారుస్తుంది. స్కాన్‌లో డిస్కు జారి కనిపించిందని, నోరు బాగానే తెరుచుకునే మనిషికి చేసే ఆపరేషన్ అలాంటిది కాదు. డిస్కు తీసేయడాన్ని పాత నొప్పికి చేయొద్దని మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి.

ఈ రంగంలో ఒక చేదు చరిత్ర ఉంది. 1980ల్లో టెఫ్లాన్ కలిపిన పదార్థంతో చేసిన కృత్రిమ డిస్కులు చాలామందికి పెట్టారు. నమిలే ఒత్తిడికి అవి ముక్కలై, ఆ ముక్కల మీద ఒళ్లు తిరగబడి చుట్టూ ఉన్న ఎముకనే తినేసింది. 1990ల మొదట్లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని వెనక్కి రప్పించింది. ఇప్పటి కృత్రిమ కీళ్లు అవి కావు, చాలా మెరుగైనవి. అయినా ఈ జబ్బులో డాక్టర్లు ఇవాళ "ముందు తక్కువ చేయండి" అని అంత పట్టుబట్టడానికి వెనక ఆ పేషెంట్లు ఉన్నారు.

మీ పరిస్థితికి ఏది

నొప్పి నెలలోపుదై, నోరు మూడు వేళ్లు తెరుచుకుంటుంటే: పళ్లు విడి, మెత్తటి తిండి, కాపడం, అవసరమైతే వారం రోజుల మాత్రలు. స్కాన్ వద్దు. ఆరు వారాలకు సగం కూడా తగ్గకపోతే థెరపిస్టు.

పొద్దున నొప్పి, అరిగిన పళ్లు ఉంటే: అన్ని పళ్లనూ కప్పే గట్టి గార్డు, దాంతోపాటు పైవన్నీ.

మొన్నటిదాకా టక్‌మని ఇవాళ లాక్ అయితే: దీంట్లో మాత్రం ఆలస్యం వద్దు. ఆ వారంలోనే దవడ తెలిసిన పళ్ల డాక్టరునో, దవడ సర్జన్‌నో కలవాలి. కొత్త లాక్ వదిలినంత తేలిగ్గా పాతది వదలదు. ఎంఆర్ఐ అవసరమయ్యే చోట్లలో ఇదొకటి.

ఇసుక శబ్దం, ఇతర కీళ్లలోనూ వాపు ఉంటే: రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం చూసే డాక్టరు. జబ్బు ఒంటినిండా ఉంటే దవడకొక్కదానికి వైద్యం చేసి లాభం లేదు. పిల్లలకైతే ఇంకా త్వరగా చూపించాలి, కీలు దెబ్బతింటే దవడ ఎదుగుదలే కుంటుపడుతుంది.

మూడు నెలలు దాటి, అన్నీ కొంచెం కొంచెం వాడి వదిలేసిన వాళ్లు: కొత్త మెషిన్ వెతుక్కునే ముందు, ఫిజియోథెరపీ, మనసు వైద్యం రెండిటినీ వరసగా, పూర్తిగా చేశారో లేదో చూసుకోండి. చాలామంది చేయనిది అదే.

డబ్బు కట్టే ముందు డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి. నాది కండరమా, డిస్కా, ఎముకా? ఈ వైద్యం ఆపేస్తే నా పళ్లు, నా కీలు ఇప్పుడున్నట్టే ఉంటాయా? ఎన్ని వారాల్లో ఎంత తేడా కనిపించాలి? కనిపించకపోతే తర్వాత ఏం చేస్తాం? నా జ్ఞానదంతం తీసిన రోజు మొదటి ప్రశ్న అడిగి ఉంటే రెండో ప్రశ్న దాకా వెళ్లేవాణ్ని కాదు.

నోరు ఎంత తెరుచుకుంటోందో, నొప్పి పదికి ఎంతో వారానికోసారి ఒకే రోజు, ఒకే సమయంలో రాసుకోండి. నా నోట్‌బుక్‌లో మొదటి వారం 31 మిల్లీమీటర్లు, నొప్పి 7. పదమూడో వారం 43, నొప్పి 2. ఆ మధ్య ఆరో వారంలో నొప్పి మళ్లీ 6కి వెళ్లింది. ఆఫీసులో పని ముదిరిన వారం అది, పసుపు చుక్క ఊడిపోయినా మళ్లీ అంటించలేదు.